చెంగమ్మ పిల్లిపిల్లకు ఏ టీకా?

పశువుల డాక్టరుగా నా చేతుల మీదుగా లక్ష పశువులకు సూదులు పడ్డాయని ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతుంటాను. ఆ లక్షలో సగానికి పైగా మా కాంపౌండరు మస్తాన్ వేసినవి. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడి "ఊఁ, తర్వాతది" అన్నవి. అలా అనడం కూడా ఉద్యోగంలో భాగమే కాబట్టి నా లెక్కలో కలిపేసుకున్నాను.

ఇప్పుడు పెంపుడు జంతువుల క్లినిక్కుల్లో గోడ మీద ఒక పట్టిక ఉంటోంది. పిల్లిపిల్లకు ఎన్ని వారాలకు ఏ టీకా వేయాలి, మళ్లీ ఎప్పుడు వేయాలి, రేబీస్‌ది ఎప్పుడు, అంతా అందులోనే. మంచి పట్టిక. చూసి కుళ్లుకుంటానే తప్ప వంక పెట్టను. నేను ఉద్యోగంలో చేరిన యాభైల చివర్లో మా ఆసుపత్రి గోడ మీద ఒక ఎద్దు బొమ్మ, దాని పొట్టలో ఏది ఎక్కడుందో చూపే గీతలు, వాటి మీద తిరిగే ఒక బల్లి ఉండేవి. పిల్లుల కోసమని మా బీరువాలో ఒక్క సీసా కూడా ఉండేది కాదు. అయినా పిల్లిని పట్టుకుని వచ్చేవాళ్లు వచ్చేవాళ్లే. దానికి ఏం వేయాలో, ఏం వేయకూడదో నేను తేల్చాల్సి వచ్చేది.

కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లు ఆ సంగతి తెలుసుకుంటే బాగుంటుందని రాస్తున్నాను. నా బదిలీలూ ప్రమోషన్లూ రాయను. అవి మా ఇంట్లోవాళ్లే వినడం మానేశారు.

మిగిలిన మందు

ఆ రోజుల్లో ఊరికి టీకాలు వేయడానికి వెళ్లడమంటే చిన్న తిరునాళ్ల. ముందురోజు దండోరా వేయించేవాళ్లం. ఐసు పట్నం నుంచి బస్సు మీద, గోనెసంచిలో రంపపు పొట్టు కప్పుకుని వచ్చేది. దాన్ని ఫ్లాస్కులో నింపి, మధ్యలో మందు బుడ్లు పెట్టుకుని కాలవ దాకా సైకిలు, కాలవ మీద పడవ, ఆపైన ఇసకలో నడక. గొడ్లను చంపే ముసర రోగానికి ఇచ్చే మందు ఒకసారి నీళ్లలో కలిపామంటే దాని ఆయుష్షు ఎండెక్కేదాకానే. ఆ తర్వాత దానికీ ఉప్పునీళ్లకూ తేడా లేదు.

తంటా అంతా చివర్లో వచ్చేది. పశువులన్నిటికీ వేసినా బుడ్డిలో అడుగున కొంచెం మిగిలేది. పారబోయబోతే ఊళ్లో ఒక్కరూ ఒప్పుకునేవాళ్లు కాదు.

"అయ్యో, గవర్మెంటు మందు! మన్నుపాలు చేస్తావా సామే? మా కుక్కకెయ్యి."

"మా మేకకెయ్యి. అది పొద్దున్నించీ దగ్గతా ఉండాది."

ఒకాయన పందెంకోడిని తెచ్చాడు. ఒక ముసలమ్మ ఏకంగా తన మోకాలు చాపి కూర్చుంది. మా వాళ్ల లెక్కలో మందు అన్నం లాంటిది. మిగిలిందంటే ఎవరో ఒకరు తినాలి, పారేస్తే పాపం. ఆ మోకాలికి నిజంగానే సూది వేశాననీ, ఆమె మర్నాడు పొలానికి పరిగెత్తిందనీ నేను చాలా పెళ్లిపందిళ్లలో చెప్పాను. వేయలేదు. కుక్కలకూ మేకలకూ మాత్రం వేశాను. అడిగినవాళ్ల ముఖం చూసి కాదనలేక వేశాను. వాటికేమీ కాలేదు. ఏమీ కాకపోవడం చూసి, వేయడం తప్పు కాదనుకున్నాను. ఈ వృత్తిలో మనిషిని చెడగొట్టేది అదే. తప్పు చేసిన ప్రతిసారీ దెబ్బ తగలదు.

గూడూరులో తగిలిన దెబ్బ

తగిలింది గూడూరులో, నా మొదటి పోస్టింగులో. అక్కడ పెంచలయ్య గారని ఒక నిమ్మకాయల షావుకారు ఉండేవాడు. మండీ కాపలాకు పెంచుకున్న పెద్ద కుక్కలకు పిచ్చికుక్క మందు మద్రాసు నుంచి తెప్పించుకుని నన్ను పిలిపించాడు. కుక్కలకు వేయడం అయింది. సీసా అడుగున కాస్త మిగిలింది.

"డాక్టరు గారూ, మా చిన్నదాని పిల్లిపిల్ల ఉండాది. దానికీ వేసేస్తే ఇంట్లో అందరికీ అయిపోయినట్టు గదా" అన్నాడాయన.

"మరీ పసిదండీ. కుక్కల మందు ఇది."

"లేత చెట్టుకైనా ముదురు చెట్టుకైనా పోసేది నీళ్లే గదయ్యా."

నిమ్మతోటల సంగతి తెలిసిన మనిషి అంత ధీమాగా చెబితే నిన్నగాక మొన్న కాలేజీ వదిలినవాడు ఏమంటాడు? వేశాను. ఆ పిల్లిపిల్ల మేడ మీది గది దాటి ఎరగదు. కుక్క అనేదాన్ని కిటికీలోంచి తప్ప చూడలేదు. అంటే దానికి ఆ మందుతో వచ్చే లాభం సున్న. ఆ రోజుల్లో ఆ మందును గొర్రె మెదడుతో తయారుచేసేవాళ్లు. ఎప్పుడో ఒకసారి అది నరాల మీదే తిరగబడేది. కొన్నాళ్లకు షావుకారు కబురంపాడు. వెళ్లి చూస్తే పిల్లిపిల్ల వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ ముందరి కాళ్లతో పాకుతోంది.

బతికింది లెండి. నెలల తరబడి షావుకారు భార్య నూనె రాసి, కాళ్లు పట్టి, పాలు పోసి నిలబెట్టింది. ఆ నూనె నేనే రాశానని తర్వాత పోస్టింగుల్లో చెప్పుకున్నాను కానీ ఆ ఇంటి గడప మళ్లీ తొక్కడానికే నాకు ముఖం చెల్లలేదు. పెద్దదయ్యాక అది కాస్త ఊగుతూ నడిచేది. షావుకారు మాత్రం అందరికీ చూపించి "మందు బాగా పట్టింది, నడకలో ఎంత దర్జా వచ్చిందో చూడండి" అనేవాడట. ఆయన తిట్టి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ని.

చెంగమ్మ గంప

అరవైలు మొదలయ్యాక వాకాడు వైపు వేశారు నన్ను. సముద్రం ఒడ్డున ఒక పాళెం. అందరూ చేపలు పట్టేవాళ్లు. గొడ్లు కొద్దిగా ఉండేవి. టీకాల రోజున వరసలో చివరి ఎనుము కూడా వెళ్లిపోయాక, తాటాకు గంప చంకన పెట్టుకుని ఒకామె ముందుకు వచ్చింది. చెంగమ్మ. నలభై దాటని మనిషి. గొంతు మాత్రం కెరటాన్ని దాటి పడవలోకి వినిపించేది. గంప మూత తీస్తే లోపల జానెడు పిల్లిపిల్ల, బూడిదరంగుది.

"సామే, దీనికి ఏమేం సూదులెయ్యాలో అన్నీ ఎయ్యి."

"అన్నీ అంటే?"

"ఎనుములకు ఏస్తావే, అయ్యన్నీ. గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ, ఇప్పుడేసినావే అది. ఒక్కోటి రవంత రవంత ఎయ్యి."

"ఎందుకమ్మా? ఇదేమన్నా పాలిస్తుందా, మడక దున్నుతుందా?"

"నా వల కాస్తాది."

మస్తాన్ పక్కకు తిరిగి నవ్వాడు. ఆమె చూడనే చూసింది.

"ఏం మస్తానన్నా, పళ్లు బయటేసినావు? మీ ఇంటి వడ్లగాదెలో నాలుగు ఎలకలు వదిలిపెడతా. అప్పుడు నవ్వు."

నవ్వే సంగతి కాదని ఆమె చెప్పాకే తెలిసింది. అప్పట్లో ఆ ఒడ్డున వలలన్నీ నూలువే. నైలాను గురించి విన్నవాళ్లున్నారు, కొన్నవాళ్లు లేరు. చెంగమ్మ, ఆమె తోడికోడలు కూర్చుని వానాకాలం నుంచి ఒక పెద్ద వల అల్లారు. తుమ్మచెక్క కషాయంలో ముంచి ఆరబెట్టి వలల పాకలో వేలాడదీశారు. పాత వల ఎలకల పాలైంది. ఇది కూడా పోతే ఆమె మొగుడు పోలయ్య ఆ ఏడాది ఇంకొకరి పడవలో కూలికి ఎక్కాలి. కొత్త వల ఇంకా సముద్రం మొహం చూడలేదు. వేటకు పోయే రోజులు దగ్గరపడుతున్నాయి.

"బోను పెట్టరాదా?" అన్నాను.

"పెట్టినాం. ఒకటి పడితే మిగతాయి వచ్చి చూసి పోతా ఉండాయి."

"ఎలకల మందు?"

"ఆ పాకలోనే గదా చేపలు ఎండేసేది. ఎలకలు చస్తాయో, మేం చస్తామో ఎవురికి తెలుసు?"

పాళెంలో పిల్లులు లేకనా అంటే, ఉండేవట. పోయిన ఎండాకాలం ఒకదాని తర్వాత ఒకటి చచ్చాయి. ఆ తర్వాత చెంగమ్మ ఒక పిల్లను తెచ్చి పాకలో పెట్టింది, చచ్చింది. ఇంకోదాన్ని తెచ్చింది, అదీ చచ్చింది. ఇది మూడోది. దీన్ని ఇంకా పాకలోకి తీసుకుపోలేదు. ఊరికి ఆ చివర తోడికోడలి ఇంట్లో దాచింది.

"ఎట్టా చచ్చినాయి?" నేనూ వాళ్ల యాసలోకి దిగిపోయాను.

"నీళ్ల ముంత కాడ మూతి పెట్టుకోని కూసోని ఉంటాది. తాగదు. పచ్చగా కక్కుతాది. మర్నాటికి ల్యా."

కాలేజీలో మా ప్రొఫెసరు ఒక పేజీని తిప్పేస్తూ "ఇది దొరల ఇళ్లలో పిల్లులకు వచ్చే జబ్బు, మీకు పరీక్షలో రాదు" అన్న సంగతి గుర్తొచ్చింది. ఆ పేజీలో ఉన్న పిల్లి కూడా నీళ్ల ముందర కూర్చుని తాగకుండా ఉన్నదే. పిల్లుల పేగుల్ని తినే వైరస్. దానికి విదేశాల్లో టీకా ఉందని చదివాను. పాళెంలో కాదు కదా, మద్రాసులో అడిగినా నవ్వేవాళ్లు.

ఈలోపు చుట్టూ మూగినవాళ్లు బుడ్డి వైపు చూశారు. అందులో ముసర మందు కాస్త మిగిలి ఉంది.

"ఆ మిగిలిందేదో ఎయ్యరాదా సామే. పసిదానికి ఎంత కావాల?"

సూది నా చేతిలోనే ఉంది. గూడూరు మేడ మీద పాకుతున్న పిల్లిపిల్ల కళ్లలో మెదిలింది. ఎవరి ముఖమూ చూడకుండా బుడ్డిని ఇసకలో వంచేశాను. ఆడవాళ్లు అయ్యో అన్నారు. చెంగమ్మకు కోపం ఆగలేదు.

"మన్నుకేసినావు గానీ నా పిల్లికి ఎయ్యలేకపోయినావా!"

"అది గొడ్ల మందమ్మా. దీన్ని చంపే జబ్బుకు అది పనిచేయదు."

"పనిచేసేది తే మరి."

"కనుక్కుని వస్తాను. అందాకా దీన్ని పాకలోకి రానీకు. పాకలో వాడిన ముంత కానీ గంప కానీ దీని దగ్గరికి తేవద్దు."

"నువ్వు కనుక్కోనొచ్చేలోగా ఎలకలు కనుక్కుంటాయి లే" అని గంప చంకనేసుకుని వెళ్లిపోయింది.

రత్నం గారి ప్రశ్న

నాకు పెద్దలుగా దొరికిన అధికారుల్లో పనికొచ్చే మాట చెప్పినవాళ్లు వేళ్ల మీద లెక్కకు వస్తారు. నిజానికి ఒక్క వేలు చాలు, అది రత్నం గారిది. గూడూరులో ఉండేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే వాకిట్లో వరసగా నిలబడ్డ ఎద్దుల నోళ్లు చూసే మనిషి. కోపం ఎక్కువ. అయినా ఎంత చిన్న సంగతి అడిగినా కొట్టిపారేసేవారు కాదు. చెంగమ్మ సంగతి చెప్పి, "పిల్లిపిల్లకు ఏ టీకా వేయాలి సార్?" అన్నాను.

"అట్ట అడగబాకయ్యా. అక్కడ పిల్లి దేంతో చస్తా ఉంది? అది అడుగు ముందు."

చెప్పాను. ముంత, పచ్చటి వాంతి, మర్నాటికి చావు.

"పాళెంలో అన్నీ చచ్చినాయా?"

"అన్నీ చచ్చాయన్నారు సార్."

"అన్నీ ఎప్పుడూ చావవు. ఒకటో అరో మిగిలుంటది. అడిగినావా?"

అడగలేదు.

"చచ్చినవాటి కత అందరూ చెప్తారు. నువ్వు బతికినదాన్ని వెతుక్కోవాల. దాని నెత్తురులో ఉంది నీ మందు."

ఆయన చిన్నతనంలో, ముసర రోగానికి మంచి టీకా రాకముందు, గొడ్డుకు ఒక పక్క రోగం తగిలి కోలుకున్న పశువు నెత్తురు తేట, అంటే సీరం, ఎక్కించి, ఇంకో పక్క రోగపు నెత్తురే ఎక్కించేవారట. తేట కాపాడుతుంటే, ఆ కాపుదలలో గొడ్డు రోగాన్ని ఎదుర్కోవడం నేర్చుకునేది. ఆ తర్వాత దానికి సూది అక్కర్లేదు.

"మరి ఇక్కడ రెండో సగం, ఆ రోగపు నెత్తురు, ఎక్కడి నుంచి తేవాలి సార్?"

రత్నం గారు నా వైపు చూసిన చూపులో నా డిగ్రీ కాగితం అంచులు కాలిపోయాయి.

"ఆ పాక నిండా ఉన్నది అదే గదయ్యా! రెండు పిల్లల్ని చంపింది ఏందనుకున్నావు? తేట ఎక్కించి దాన్ని పాకలోనే వదులు."

"చస్తే సార్?"

"చావొచ్చు. ఉత్త చేతుల్తో పాకలో పెడితే మాత్రం తప్పకుండా చస్తాది. ఆ ముక్క ఆమెకు ముందే చెప్పు. చచ్చినాక చెప్పేది వైద్యం కాదు, సాకు."

గండుపిల్లికి వల

రత్నం గారు అన్నది నిజమే. పాళెంలో ఒకటి మిగిలింది. ఒంటికన్ను గండుపిల్లి, ఎవరిదీ కాదు. చేపలు ఎండేసే చోట దాని రాజ్యం. అడిగితే చెంగమ్మ మూతి విరిచింది.

"అదా? పోయినేడు పడవ కింద పడి కక్కతా కక్కతా మళ్లా లేచింది. యముడు కూడా దాన్ని వాసన చూసి వదిలేసినాడు."

రత్నం గారు చెప్పమన్నది చెప్పాను. ఈ పద్ధతి పిల్లి మీద నేనెప్పుడూ చేయలేదనీ, పిల్ల బతకొచ్చనీ, చావొచ్చనీ చెప్పాను. చావొచ్చన్నప్పుడు నా గొంతు కాస్త తగ్గింది. ఆమె గంప మూత తీసి పిల్లను చూసుకుంది. 

అప్పటిదాకా నోరు విప్పని పోలయ్య అన్నాడు: "రెండు చచ్చినప్పుడు మనకెవురూ ముందు చెప్పలేదు గదమ్మే. ఈ సామి చెప్తా ఉండాడు. చేయనీ."

"చేయనీ సరే, గండుపిల్లిని పట్టేదెవురు?"

పోలయ్య లేచి విసురు వల భుజాన వేసుకున్నాడు. చేపలకు తప్ప దేనికీ విసరని వల. పాళెమంతా బయటికొచ్చింది. గండుపిల్లి ఎండుచేపల పందిరి మీద కూర్చుని ఉన్న ఒక కన్నూ మూసుకుని ఉంది. వల గాల్లో గొడుగులా విప్పుకుని దాని మీద పడింది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే, ఆ పిల్లి దూడంత ఉంది, మమ్మల్ని సముద్రం దాకా ఈడ్చుకుపోయింది. సరే, మామూలు పిల్లి కంటే కాస్త లావు, అంతే. ఈడ్చుకుపోయిన మాట అబద్ధం. కరిచిన మాట నిజం. నా మోచేతికి పైన ఆ మచ్చ ఇంకా ఉంది. దాన్ని చాలామందికి చిరుతపులి గాటని చూపించాను.

మస్తాన్ దాన్ని గోతాంలో చుట్టి తల ఒక్కటీ బయటికి పెట్టాడు. చెంగమ్మ దాని చెవుల మధ్య నిమురుతూ, "ఊరుకో నాయనా, నీ నెత్తురు రవంత ఇస్తే నీకు కానాగంత చేపలు పెడతా, ఊరుకో దొంగముండాకొడకా" అని బుజ్జగించింది. మరగబెట్టిన సీసాలోకి మెడ నరం నుంచి నెత్తురు తీశాను. సీసాను వాలుగా ఆనించి కదలనీయకుండా పెట్టాం. గడ్డకట్టిన నెత్తురు మీద, ఎండ ఏటవాలయ్యేసరికి గంజి తేటలాంటిది తేలింది. గండుపిల్లి కానాగంతలు తిని మా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

పిల్లిపిల్ల మెడ వెనక చర్మం రెండు వేళ్లతో ఎత్తి ఆ తేట ఎక్కించాను. అది చిన్న కూత కూసింది.

"పిచ్చికుక్క సూది కూడా ఎయ్యి మరి" అంది చెంగమ్మ. పాళెంలోకి ఆ మధ్య ఒక పిచ్చికుక్క వచ్చి పోయింది. ఆమె భయం ఉత్తది కాదు.

"దీనికి ఇప్పుడు కాదమ్మా. ఇంత పసిదానికి ఆ మందు మంచిది కాదు, నా కళ్లతో చూశాను. ముందు మీ కుక్కలన్నిటికీ తెప్పించి వేస్తా. కుక్కలకు రాకపోతే దీనికీ రాదు."

ఆ మాట నిలబెట్టుకున్నాను. ఇక్కడ గొప్ప ఏమీ కలపలేదు.

చెంగమ్మ గంప ఎత్తుకుని వలల పాక దగ్గరికి పోయింది. తలుపు తీసింది. లోపల ఆమె చేతుల మీద పెరిగిన వల దూలం నుంచి దూలానికి నల్లగా వేలాడుతోంది. పిల్లను తీసి కింద పెట్టడానికి వంగి, మళ్లీ గుండెలకు ఆనించుకుంది. మళ్లీ వంగింది. ఈసారి వదిలేసి వెనక్కి చూడకుండా బయటికొచ్చి తలుపు వేసింది.

కథ కాసేపు ఆపి

ఇక్కడ ఆపి ఒక మాట చెప్పాలి. ముసలివాళ్లకు ఆ హక్కు ఉంది.

ఇది చదివి ఎవరైనా కుర్రడాక్టరు గండుపిల్లి వెంట వల పట్టుకుని పరిగెత్తితే నేను ఒప్పుకోను. ఇప్పుడు చెంగమ్మ పిల్లిని చంపిన ఆ జబ్బుకు మంచి టీకా ఉంది. రెండు నెలల లోపే మొదలుపెట్టి, తల్లిపాల కాపుదల తగ్గేదాకా మళ్లీ మళ్లీ వేయండి. ఇప్పటి రేబీస్ టీకాలో మెదడు ముక్క లేదు. మూడు నెలలు నిండితే తప్పకుండా వేయండి, ఇంట్లో తిరిగే పిల్లయినా సరే. నేను వద్దన్నది ఆనాటి మందును. మిగతా టీకాల దగ్గర మాత్రం పట్టిక వైపు చూసే ముందు పిల్లి వైపు చూడండి. అది బయటికి పోతుందా, పది పిల్లులతో కలిసి బతుకుతుందా, ఆ ఇంట్లో అంతకు ముందు ఏ పిల్లి ఎట్లా చచ్చింది? చాలామంది డాక్టర్లు ఆఖరిది అడగరు. పెంచుకున్నవాళ్లకు బాధ కలుగుతుందని కాదు, తమకు తీరిక లేక. నేనూ అడగనివాణ్నే. రత్నం గారు నా చెవి మెలేశాక నేర్చుకున్నాను.

సీసాలో మందు మిగిలిందని మాత్రం వేయకండి. మిగిలిందానికి మంచి చోటు ఇసక.

వలల పాక

తేట ఎక్కించి వారం కాకముందే, గొడ్లను చూసే సాకుతో పాళెం వెళ్లాను. చెంగమ్మ నన్ను చూసి తిట్టలేదు. దాంతోనే నాకు సంగతి అర్థమైంది. పాక తలుపు తీసి చూపించింది. పిల్లిపిల్ల నీళ్ల ముంత దగ్గర కూర్చుని ఉంది. మూతి అంచుకు ఆనించి ఉంది. తాగడం లేదు.

"నిన్నటేల నుంచీ ఇట్టే ఉండాది" అంది. "కక్కలా. తినలా."

ఒళ్లు కాలుతోంది. కక్కలేదన్న మాటను పట్టుకుని వేలాడాను. ఫ్లాస్కులో తెచ్చిన సెలైను చర్మం కింద ఎక్కించాను. వీపు మీద చిన్న మూపురం లేచింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చుక్కచుక్కగా నాలుక మీద వేయమన్నాను. ఇంకేం చేయాలో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"నువ్వు ముందే చెప్పినావు గదా సామే" అంది చెంగమ్మ. నన్ను ఓదార్చడానికి కాదు, లెక్క సరిచూసినట్టు అంది. పైన వలలో ఏదో కదిలింది. ఇద్దరం తలెత్తి చూశాం. ఎలక. అప్పుడే కొత్త వల అంచు పట్టి రెండు వలకళ్లు కొరికేసింది. చెంగమ్మ చీపురు విసిరింది. అది పైకప్పులోకి పోయింది. పిల్లిపిల్ల కనీసం తల తిప్పలేదు.

మళ్లీ వెళ్లే దాకా రోజులు గడవలేదు. ఒక ఊళ్లో ఎద్దుకు వేయాల్సిన సూది ఆవుకు వేయబోతే మస్తాన్ చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మీ మనసు పాళెంలో ఉండాది. పోయి చూసి రాండి, ఇక్కడ నేను చూసుకుంటా" అన్నాడు.

పడవ దిగి ఇసకలో నడుస్తుంటే దూరం నుంచే కనిపించింది. చెంగమ్మ పాక గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. కదలడం లేదు. ఒక చెయ్యి నోటి మీద ఉంది. అయిపోయిందనుకున్నాను. వెనక్కి తిరగాలనిపించింది. ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ దగ్గరికి పోయి "చెంగమ్మా..." అన్నాను.

నోటి మీది చేత్తోనే నన్ను ఆపింది.

"అరవబాక సామే! బెదురుతాది. దాన్ని తిననీ."

ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. వల కింద, నీడలో, బూడిదరంగు పిల్లిపిల్ల ముందరి కాళ్లతో ఎలకను తొక్కిపట్టి గుర్రుగుర్రుమంటోంది. ఎముకలు విరిచే చప్పుడు మాకు వినిపిస్తోంది. నేనూ ఆమె పక్కన ఇసకలో చతికిలబడ్డాను. ప్యాంటు సంగతి మరిచిపోయాను. ఎప్పటినుంచో పట్టి ఉంచిన ఊపిరి వదిలితే అది నవ్వుగా బయటికొచ్చింది. చెంగమ్మ మోచేత్తో పొడిచింది, చప్పుడు చేయొద్దని. ఆమె కూడా నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

ఆ ఎలక కుందేలంత ఉందని ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చాను. కాదు. చిట్టెలక. తోకతో కలిపితే నా అరచేయంత ఉంటుందేమో. కానీ పిల్లిపిల్ల దాన్ని తోకతో సహా తిన్నది. తిని, మూతి నాక్కుని, ముంత దగ్గరికి పోయి నీళ్లు తాగింది. మేమిద్దరం ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా అక్కడే కూర్చుని చూశాం. కక్కలేదు.